సాత్విక్ రికార్డు కొట్టిన పచ్చ బ్యాట్: నానోఫ్లేర్ 1000 జెడ్ ఎవరు కొనాలి, ఎవరు కొనకూడదు

మా స్కూల్లో ఏడో తరగతి పిల్లలకి కూడా ఈ బ్యాట్ పేరు నోటికొచ్చు. యోనెక్స్ కంపెనీ బ్యాడ్మింటన్ బ్యాట్, నానోఫ్లేర్ 1000 జెడ్. మెరుపులాంటి పసుపు పచ్చ రంగు, కోర్టు అవతలి చివర్నుంచి చూసినా ఇదేనని తెలిసిపోతుంది. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లో, సైతామా ప్రాంతంలోని సోకా అనే ఊళ్లో, యోనెక్స్ ఫ్యాక్టరీ జిమ్నాసియంలో మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ దీంతోనే గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టాడు. మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ 2013లో నెలకొల్పిన 493 కిలోమీటర్ల రికార్డు దాంతో పోయింది. జూలైలో గిన్నిస్ వార్త బయటికొచ్చినప్పటి నుంచీ అమలాపురం చుట్టుపక్కల షటిల్ పట్టుకున్న ప్రతి పిల్లాడికీ ఈ బ్యాటే కావాలి.

నేను కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ తరఫున ఆడాను. ఇప్పటికీ తెల్లారకముందే లేచి ఇండోర్ కోర్టుకి వెళ్లి డబుల్స్ ఆడతాను. పేరెంట్స్ మీటింగ్ పెడితే మార్కుల సంగతి అయిపోయాక కొందరు నా దగ్గరకొచ్చి అడిగేది ఇదే. "మేడం గారండీ, మావాడు ఆ పచ్చ బ్యాట్ కోసం అన్నం మానేశాడండీ. కొనెయ్యమంటారా?" కొబ్బరి దింపు మీద బతికే ఇంట్లో పద్దెనిమిది వేలంటే ఎంతో నాకు తెలుసు. వాళ్లకి నోటితో చెప్పేదంతా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. వేసవి నుంచి నేను దీంతోనే ఆడుతున్నాను కాబట్టి చేత్తో పట్టుకుని చెప్తున్న మాటే ఇది.

డీఏ ఎరియర్లు పడ్డప్పుడు హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడి చేత తెప్పించుకున్నాను. గట్టింగ్‌తో, అంటే గట్స్ అనే తీగలు లాగించడంతో కలిపి పద్దెనిమిది వేలు దాటింది. నాది 4యూ, అంటే 83 గ్రాముల ప్రాంతంలో ఉండే బరువు. 3యూ కూడా ఉంది, అది ఇంకో అయిదు గ్రాములు ఎక్కువ. తయారీ జపాన్. పెయింటింగ్, ఫ్రేమ్ అంచులు, హ్యాండిల్ దగ్గర కోన్, దేన్లోనూ వంక పెట్టడానికి లేదు.

దీని గుణాలు రెండు ముక్కల్లో చెప్పొచ్చు: హెడ్ లైట్, ఎక్స్‌ట్రా స్టిఫ్. తల వైపు బరువు తక్కువ కాబట్టి బ్యాట్ చప్పున తిరుగుతుంది. షాఫ్ట్ చాలా గట్టిది కాబట్టి దాదాపు వంగదు. మంచైనా చెడైనా దీని గురించి చెప్పాల్సినవన్నీ ఈ రెండింట్లోంచే పుట్టాయి.

ముందు మంచి సంగతి. డబుల్స్‌లో వల మీదుగా అడ్డంగా వేగంగా సాగే డ్రైవ్‌ల ఆటలో ఇంత హాయిగా ఉన్న బ్యాట్ నేను పట్టుకోలేదు. అవతలివాళ్లు ఛాతీ మీదకి కొట్టినా బ్యాట్ అడ్డం పెట్టడానికి టైము దొరుకుతుంది. ఫోర్‌హ్యాండ్ నుంచి బ్యాక్‌హ్యాండ్‌కి మారేటప్పుడు నా పాత హెడ్ హెవీ బ్యాట్ ఎప్పుడూ ఒక క్షణం వెనకబడేది. ఇది నా చెయ్యి కంటే ముందుంటుంది. స్మాష్‌ని డిఫెండ్ చేసేటప్పుడూ అంతే. షాఫ్ట్ వంగదు కాబట్టి షటిల్ నేను చూపించిన చోటికే పోతుంది, అటూ ఇటూ జారదు. వల దగ్గర షటిల్‌ని మెల్లగా అవతలికి దాటించే డ్రిబుల్‌కి మాత్రం కాస్త అలవాటు పడాలి. ఫ్రేమ్ చిన్నది, స్వీట్ స్పాట్, అంటే షటిల్ తగలాల్సిన సరైన చోటు కూడా చిన్నది. మధ్యలో తగిలితే ఠంగున మోగుతుంది, అంచుకి తగిలితే షటిల్ చచ్చిపోయి వలలో పడుతుంది. మధ్యలో కొట్టడం రానివాళ్లకి ఈ బ్యాట్ ఏమీ దాచిపెట్టదు.

షార్ట్ సర్వీస్‌కి బాగా నప్పింది. 2018 నుంచి షటిల్‌ని నేల నుంచి 1.15 మీటర్ల ఎత్తులోపే సర్వ్ చేయాలన్న రూలు వచ్చింది కదా. సాత్విక్ లాంటి పొడుగు మనుషులకి అది చాలా ఇబ్బంది. నాది మామూలు ఎత్తు కాబట్టి ఆ బాధ లేదు. బ్యాట్ తల తేలిగ్గా ఉండటంతో షటిల్‌ని ఎంత మెల్లగా తోయాలో అంతే తోయొచ్చు.

ఇక అందరూ అడిగే స్మాష్. ఈ బ్యాట్ పడితే స్మాష్ వేగం పెరుగుతుందా? చెయ్యి ఇప్పటికే వేగంగా తిరిగేవాళ్లకి పెరుగుతుంది. లేకపోతే తగ్గుతుంది కూడా. మెత్తటి షాఫ్ట్ వంగి తిరిగి సాగుతూ నెమ్మది చేతికి కొంత సాయం చేస్తుంది. గట్టి షాఫ్ట్ ఆ సాయం చెయ్యదు, మనం ఇచ్చినంతే తిరిగిస్తుంది. మా స్కూల్లో ఎనిమిదో తరగతి కుర్రాడొకడు జిల్లా స్థాయి ఆడతాడు, చురుకైనవాడు. నా బ్యాట్ ఇచ్చి వెనక లైన్ నుంచి టాస్‌లు, అంటే షటిల్‌ని ఎత్తుగా అవతలి వెనక లైన్ దాకా పంపే దెబ్బలు, కొట్టమన్నాను. ఒక్కటి కూడా అవతలి వెనక లైన్ దగ్గరికి పోలేదు, అన్నీ కోర్టు మధ్యలోనే పడ్డాయి. వాడి సొంత బ్యాట్, రెండు వేల లోపుది, అది ఇస్తే అన్నీ చివరిదాకా పోయాయి. పచ్చ బ్యాట్‌తో లోటు పూడ్చుకోవాలని వాడు భుజం విసరడం మొదలుపెట్టాడు. అక్కడే ఆపించాను. ఆ వయసులో భుజంతో లాగి కొట్టే అలవాటు పడితే తర్వాత మాన్పించడం నాలాంటి పీఈటీలకి తలకు మించిన పని.

565 సంగతి కూడా పిల్లలకి అర్థమయ్యేలా చెప్పాలి. ఆ వేగం షటిల్ బ్యాట్‌ని వదిలిన క్షణంలో కొలిచింది. ఈకలకి గాలి అడ్డుపడి షటిల్ వేగం వెంటనే పడిపోతుంది, అవతలి ఆటగాడి దగ్గరకి వచ్చేసరికి అందులో చాలా భాగం మిగలదు. పైగా అది పోటీలో కొట్టింది కాదు, రికార్డు కోసం ఏర్పాటు చేసిన పరీక్షలో కొట్టింది. పోటీల్లో నమోదైన వాటిలో డెన్మార్క్ ఆటగాడు మాడ్స్ పీలర్ కోల్డింగ్ 2017లో మన ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్‌లో కొట్టిన 426 చాలా పెద్దదిగా చెప్పుకునేవారు. దీనివల్ల సాత్విక్ గొప్పతనం వెంట్రుకవాసి కూడా తగ్గదు. యోనెక్స్ బ్యాట్లు ప్రపంచమంతా పట్టుకుంటోంది, 565 ఒక్కడే కొట్టాడు. అదే రోజు మలేషియా అమ్మాయి పెర్లీ టాన్ 438 కిలోమీటర్లతో మహిళల రికార్డు పెట్టింది. మా ఆడపిల్లలకి నేను ముందు చెప్పేది ఆ రికార్డు గురించే. స్మాష్ మగపిల్లల పని అనుకుని వల దగ్గరే నిలబడిపోయే అమ్మాయిల్ని నేను చాలామందిని చూశాను.

సాత్విక్ గురించి రాయకుండా ఈ బ్యాట్ గురించి రాయలేను. పిల్లలు కొనమంటున్నది ఈ గ్రాఫైట్ కర్రని కాదు, అతన్ని. ఆ ఇష్టం మంచిదే, దాన్ని నేను తక్కువ చెయ్యను. మా ఊళ్ల నుంచి ఒక కుర్రాడు వెళ్లి ప్రపంచ నంబర్ వన్ అయ్యాడంటే పిల్లల కళ్లు మెరవకుండా ఎలా ఉంటాయి? కానీ వాళ్లు చూసిన వీడియోలో ఉన్నది ఒక్క దెబ్బ. ఆ దెబ్బ వెనక ఉన్నదాన్ని నేను చెప్తాను.

సాత్విక్ 2000 ఆగస్టులో అమలాపురంలో పుట్టాడు. వాళ్ల నాన్న కాశీ విశ్వనాథ్ గారు కూడా పీఈటీయే, తనూ షటిల్ ఆడేవారు. అన్న కూడా ఆటగాడే. 2014లో హైదరాబాద్ గోపీచంద్ అకాడమీకి వెళ్లాడు. అంటే చెయ్యి తిరగడం, అడుగులు పడటం లాంటివి అంతకుముందే ఇంటి దగ్గర మొదలయ్యాయి. రికార్డుకీ ఆ మొదటి పాఠాలకీ మధ్య ఎన్నేళ్లున్నాయో లెక్క చూడండి. 2025 ఫిబ్రవరిలో విశ్వనాథ్ గారు కన్నుమూశారు. ఆ వార్త తెలిసిన రోజు మా పీఈటీలందరం ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నాం.

డబుల్స్‌లో సాత్విక్ జోడీ చిరాగ్ శెట్టిది ముంబై. మలేషియా కోచ్ టాన్ కిమ్ హెర్ వీళ్లిద్దరినీ జతకట్టించినప్పుడు ఇద్దరూ వెనక నుంచి కొట్టేవాళ్లే. ఇద్దరికీ స్మాష్ ఇష్టం. మరి వల దగ్గర ఎవరు నిలబడతారు? డబుల్స్‌లో వెనకవాడు కొట్టిన స్మాష్ ఎలాగో తిరిగొస్తే దాన్ని వల దగ్గర చంపేవాడు ఉండాలి. ఆ పని ఇద్దరూ నేర్చుకున్నారు. తర్వాత 2021 నుంచి డెన్మార్క్ కోచ్ మథియాస్ బో వచ్చాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో డబుల్స్ రజతం గెలిచినవాడు. వాళ్ల మ్యాచ్‌లు చూసేటప్పుడు ఒక పని చెయ్యమని పిల్లలకి చెప్తాను: స్మాష్ కొట్టేవాణ్ని వదిలేసి, కొట్టని వాడి కాళ్లు చూడండి. సాత్విక్ వెనక గాల్లోకి లేచేలోపే చిరాగ్ ముందుకు వచ్చేసి ఉంటాడు. ఇద్దరూ స్థానాలు మార్చుకునే తీరు చూస్తే, పాయింటు తెచ్చేది వేగం ఒక్కటే కాదని అర్థమవుతుంది.

వాళ్ల ఓటములు కూడా పిల్లలు తెలుసుకోవాలి. టోక్యో ఒలింపిక్స్‌లో గ్రూపులో మూడు మ్యాచ్‌లకి రెండు గెలిచారు. వాళ్ల చేతిలో ఓడిన చైనీస్ తైపీ జంట లీ యాంగ్, వాంగ్ చి లిన్ చివరికి స్వర్ణం గెలిచింది. మనవాళ్లు మాత్రం గేముల లెక్కలో వెనకబడి గ్రూపు దశలోనే ఇంటికొచ్చారు. అంత దగ్గరగా వచ్చి పోయినవాళ్లు ఏడాది తిరక్కుండానే పురుషుల జట్ల ప్రపంచ పోటీ అయిన థామస్ కప్ ఫైనల్ ఆడారు. 2022 మే, బ్యాంకాక్, ఎదురుగా ఇండోనేషియా. లక్ష్య సేన్ మొదటిది గెలిచాడు. రెండోది వీళ్ల డబుల్స్. అహ్సాన్, సుకముల్జో మీద మొదటి గేము పోయింది, రెండో గేములో మ్యాచ్ పాయింట్లు కాచుకుని 18-21, 23-21, 21-19తో గెలిచారు. తర్వాత మన గుంటూరు శ్రీకాంత్ జొనాథన్ క్రిస్టీని ఓడించడంతో 3-0. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో టీవీ ముందు నేను కూర్చోలేకపోయాను, నిలబడే చూశాను.

2023 వాళ్ల ఏడాది. దుబాయ్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం. 1965లో దినేష్ ఖన్నా గెలిచాక ఆ పోటీలో మనకి స్వర్ణం రావడం అదే. జూన్‌లో జకార్తాలో ఇండోనేషియా ఓపెన్ ఫైనల్. ఎదురుగా ఉన్నది మలేషియా జంట ఆరన్ చియా, సో వూయ్ యిక్. అంతకుముందు ఆడిన ఎనిమిదిసార్లూ వీళ్లని ఓడించినవాళ్లు. ఆ రోజు మనవాళ్లు 21-17, 21-18తో గెలిచారు. అక్టోబర్‌లో హాంగ్జౌ ఆసియా క్రీడల స్వర్ణం, ఆ వెంటనే ప్రపంచ నంబర్ వన్. ఏ భారత డబుల్స్ జంటా అంతకుముందు ఆ స్థానానికి చేరలేదు. మళ్లీ పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో అదే మలేషియా జంట మొదటి గేము ఓడి కూడా మనవాళ్లని ఇంటికి పంపింది. 2025లో పారిస్‌లోనే జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ క్వార్టర్స్‌లో ఆ జంటనే ఓడించి మనవాళ్లు కాంస్యం తెచ్చుకున్నారు. ఎనిమిదిసార్లు ఓడాక తొమ్మిదోసారికి వెళ్లి నిలబడటం ఏ బ్యాట్ నేర్పుతుంది? అది కోర్టులో, మంచి కోచ్ చేతి కింద, ఓపిగ్గా రావాలి.

మళ్లీ బ్యాట్ దగ్గరికొస్తాను, గట్టింగ్ సంగతి చెప్పాలి. ఈ బ్యాట్ 4యూకి గట్స్ ఎంత బిగువుగా లాగొచ్చో కంపెనీ చెప్పిన పరిమితి 20 నుంచి 28 పౌండ్లు. నేను 24 లాగించాను, బీజీ 65 గట్స్. 0.70 మిల్లీమీటర్ల మందం, తొందరగా తెగవు. శబ్దం, చురుకుదనం కావాలంటే బీజీ 66 అల్టిమాక్స్ సన్నగా 0.65 ఉంటుంది, బాగా పలుకుతుంది గానీ అంచుకి తగిలితే టప్పున తెగుతుంది. మా కోర్టులో ఒకాయన పెద్ద ఆటగాళ్లు 28కి పైనే వాడతారని విని తనూ 28 లాగించుకున్నారు. గట్టి షాఫ్ట్‌కి గట్టి గట్స్ తోడయ్యాయి. నెల తిరక్కుండా మోచెయ్యి పట్టేసింది, ఫిజియో దగ్గరికి తిరిగారు. మామూలు క్లబ్ ఆటగాళ్లకి 23, 24 చాలు. ఇంకో మాట, మన పట్టణాల్లో కొన్ని షాపుల్లో ఇంకా చేతి అంచనాతో లాగేస్తున్నారు. ఇంత ఖరీదైన ఫ్రేముని అలాంటి చోట ఇవ్వొద్దు, ఎలక్ట్రానిక్ మెషీన్ ఉన్న చోటికే వెళ్లండి. నేను రాజమండ్రిలో చేయిస్తాను. రానూపోనూ పూట పడుతుంది, అయినా సరే.

మన్నిక గురించి: డబుల్స్‌లో పార్ట్‌నర్ బ్యాట్‌కి తగిలి ఒకసారి పైన పెయింట్ లేచింది. ఫ్రేము పగల్లేదు. కానీ ఇది గట్టిగా గుద్దుకుంటే తట్టుకునే రకం కాదనే నా అభిప్రాయం, గ్రాఫైట్ ఏదైనా అంతే. ఎండాకాలం కారులో, బండి డిక్కీలో వదిలేయకండి. వేడికి గట్స్ సాగి పట్టు తప్పుతాయి. మన కోనసీమ ఉక్కపోతకి హ్యాండిల్ గ్రిప్ తడిసి జారుతుంది. దీంతో వచ్చే గ్రిప్ మీద ఇంకో పల్చటి ఓవర్‌గ్రిప్ తప్పనిసరిగా చుట్టుకోవాలి. వేసవిలో గాలి వేడెక్కితే షటిల్ మామూలు కంటే ఎక్కువ దూరం పోతుంది, ఈ బ్యాట్‌తో లైన్ దాటిపోవడం మీకు తెలిసివస్తుంది. అప్పుడు ఒక నంబరు నెమ్మది షటిల్ పెట్టుకోండి.

నకిలీల సంగతి గట్టిగా చెప్పాలి. బ్యాట్ పేరు మోగిపోవడంతో నకిలీలు కుప్పలుగా వచ్చాయి. ఆన్‌లైన్‌లో మూడు వేలకి, నాలుగు వేలకి ఇదే రంగు, ఇదే పేరు. మా కోర్టుకి ఒకతను అలాంటిదే తెచ్చాడు, చేతిలోకి తీసుకోగానే తల బరువు తెలిసిపోయింది. హెడ్ లైట్ బ్యాట్ తల వైపు వాలకూడదు కదా. అసలు దాని మీద హ్యాండిల్ దగ్గర షాఫ్ట్ మీద సీరియల్ నంబరు చెక్కి ఉంటుంది, అధీకృత దిగుమతిదారు హోలోగ్రాం స్టిక్కర్ ఉంటుంది. బిల్లు లేకుండా కొనొద్దు. ఇదే వరుసలో టూర్, గేమ్, ప్లే అని తక్కువ ధరవి కూడా అసలు కంపెనీ అమ్ముతుంది, రంగు దాదాపు అదే. అవి నకిలీలు కావు, కానీ 1000 జెడ్ కూడా కావు. డబ్బు కట్టే ముందు అక్షరం అక్షరం చదువుకోండి.

ఇంతకీ ఎవరు కొనాలి? కొన్నేళ్లుగా వారంలో ఎక్కువ రోజులు ఆడుతూ, వెనక లైన్ నుంచి వెనక లైన్‌కి అలుపు లేకుండా టాస్ కొట్టగలిగి, డబుల్స్‌లో ముందు, మధ్యలో వేగంగా ఆడటం ఇష్టమున్నవాళ్లు నిశ్చింతగా కొనొచ్చు. నాకు ఇది సంతోషంగా ఆడించిన బ్యాట్, డబ్బుకి బాధ లేదు. వెనక నుంచి బరువైన స్మాష్‌లే మీ ఆటయితే హెడ్ హెవీ బ్యాట్లు చూడండి. యోనెక్స్‌లోనే ఆస్ట్రాక్స్ 88 డి వెనక ఆడేవాళ్ల కోసం, 88 ఎస్ ముందు ఆడేవాళ్ల కోసం చేసినవి. భుజం, మోచెయ్యి నొప్పులున్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

పిల్లల తల్లిదండ్రులకి నేను చెప్పేది వేరు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లలకి మెత్తటి లేదా మధ్యరకం షాఫ్ట్ ఉన్న తేలికైన గ్రాఫైట్ బ్యాట్, రెండు రెండున్నర వేలలో దొరికేది, బ్రహ్మాండంగా సరిపోతుంది. గట్స్ 20, 21 పౌండ్లు. ముందు బూట్లు కొనండి, నాన్ మార్కింగ్ సోల్ ఉన్నవి. చెప్పులతో, రన్నింగ్ బూట్లతో పక్కకి దూకి మడమ మెలిక పడిన పిల్లల్ని ప్రతి ఏడాదీ చూస్తున్నాను. ఈకల షటిల్ ధరలు ఈ మధ్య బాగా పెరిగాయి కాబట్టి రోజువారీ ప్రాక్టీసుకి మంచి నైలాన్ షటిల్స్ కొనండి, మావిస్ 350 లాంటివి. నీలం పట్టీ ఉన్నవి మధ్యరకం వేగం, వేసవిలో ఆకుపచ్చ పట్టీవి తీసుకోండి. మిగిలిన డబ్బుతో దగ్గర్లో నమ్మకమైన కోచ్ దగ్గర కొన్ని నెలల ఫీజు కట్టండి. ఆ కోచ్ మొదటి నెలలోనే స్మాష్‌లు కొట్టిస్తుంటే మార్చేయండి. అడుగులు, గ్రిప్ పట్టు, ముంజేతిని తిప్పడం నేర్పిస్తుంటే వదలకండి.

పచ్చ బ్యాట్ కోసం మరీ మారాం చేసే పిల్లలుంటే స్కూలు వదిలాక నా దగ్గరకి పంపండి. నా బ్యాట్ ఇస్తాను, టాస్‌లు కొట్టి చూసుకుంటారు.